వేరు గదిలో వృథా

మన సంఘం సంచికలో ఏటా వచ్చే వ్యాసాల వరుస చూస్తే వరకట్నం, నిరుద్యోగం, విద్యావిధానం, యువత కర్తవ్యం కనిపిస్తాయి. వాటి నడుమ దవాఖాన గదిలోని దూది, గ్లౌజుల గురించి రాస్తానంటే సంపాదక మిత్రుడు కాసేపు నా ముఖం చూశాడు. "ఇది డాక్టర్లు రాయాల్సింది గదా?" అన్నాడు. డాక్టర్లు రాస్తే మరీ మంచిది. కాని ఆ గదిలో పడుకునేది మనవాళ్ళు, ఆ బిల్లు కట్టేది మనవాళ్ళు, ఆ చెత్త కాల్చిన పొగ పోయేది మనం పీల్చే గాలిలోకే. బి.ఎస్సీ. చదివే రైతు బిడ్డకు ఇందులో ఒక మాట చెప్పే హక్కు లేదని నేననుకోను.

ముందు విషయమేమిటో చెబుతాను. అంటుజబ్బు ఉన్న మనిషిని దవాఖానలో ఒక గదిలో వేరుగా పెడతారు. ఆ గదిలోకి గ్లౌజుల డబ్బాలు, సిరంజీలు, సెలైన్ గొట్టాలు, దూది కట్టలు, గాజు గుడ్డ, ప్లాస్టరు చుట్టలు, దుప్పట్లు ముందే తెచ్చి పేరుస్తారు. రోగి వెళ్ళిపోయిన రోజు వాటిలో సగం విప్పకుండానే మిగులుతాయి. మిగిలినదాన్ని బయటికి తెచ్చి మరొకరికి వాడితే జబ్బు దాని వెంట పోవచ్చు. పారేస్తే పైసలు పోతాయి, చెత్త పెరుగుతుంది. అంటే వృథాకీ, అంటుకీ మూలం ఒక్కటే. అవసరానికి మించి సామాను గడప దాటి లోపలికి పోవడం. ఈ ఒక్క సంగతి మీదనే ఈ వ్యాసమంతా.

వేరు పెట్టడం మనకు కొత్త కాదు. 2020కి ముందు మా ఊళ్ళో 'ఐసొలేషన్' అన్న మాట తెలిసినవాళ్ళు పదిమంది ఉండరు. ఆ ఏడు మార్చిలో కరీంనగర్‌లో ఇండ్ల వాడలనే కట్టడి చేసినప్పుడు, ఆ తరువాత సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కరోనాకే కేటాయించినప్పుడు ఆ మాట పశులకాపరి నోట్లో కూడా పడింది. మాట కొత్తదే కాని పని పాతదే. హైదరాబాదు నల్లకుంటలో ఉన్న ఫీవర్ ఆసుపత్రిని పాతకాలం వాళ్ళు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోట్లో నలిగి కోరంటి అయింది. దానికి పెట్టిన పేరు సర్ రోనాల్డ్ రాస్‌ది. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న మనిషి ఆయనే. మాకు ఇంకా దగ్గర నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త కలిసి 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. ఎవరూ దగ్గరికి రానివ్వని మనుషులు ఒక ఊరంతగా అక్కడ బతికారు. బహుళ ఔషధ చికిత్స వచ్చాక ఆ జబ్బుకు వేరు పెట్టాల్సిన పనే లేకుండా పోయింది. ఏ జబ్బుకు ఎంత వేరు పెట్టాలో మన జ్ఞానాన్ని బట్టి మారుతుందనడానికి ఇది చాలు. ఈ సంగతి మళ్ళీ అవసరం వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంట్లోనూ అంతే. అమ్మవారు పోసిందంటే గుమ్మానికి యాపకొమ్మ కట్టేవారు. ఆ కొమ్మ చూసి బయటివాళ్ళు లోపలికి రారు, లోపలి గుడ్డలు బయటి గుడ్డలతో కలవవు. మశూచి మన దేశంలో 1975లోనే పోయింది గాని, పొంగు చూపినా తట్టు చూపినా యాపకొమ్మ కట్టే ఇండ్లు మా వైపు ఇంకా ఉన్నాయి. అందులో భక్తి ఎంత, శాస్త్రం ఎంత అని నేను తగువు పెట్టుకోను. గడప దగ్గర ఒక గుర్తు ఉండాలి, దాటేటప్పుడు మనిషి ఒక్క నిమిషం ఆలోచించాలి అన్నది అందులో ఉంది. ఈనాటి ఆసుపత్రుల్లో తలుపు మీద అతికించే రంగు కాగితం చేసే పని కూడా అదే.

మా ఇంట్లో దీనికన్నా పెద్ద పాఠం కొట్టంలో జరిగేది. ఎద్దుకు గాలికుంటు వస్తే నోట్లో పొక్కులు, కాళ్ళ గిట్టల మధ్య పుండ్లు, తీగలు తీగలుగా చొంగ. మా బాపు దాన్ని విప్పి వేరేచోట చింతచెట్టు కింద కట్టేస్తాడు. దానికి వేరే గోలెం, వేరే పగ్గం. దాని దగ్గరికి పోయివచ్చినవాడు కాళ్ళూ చేతులూ కడుక్కోందే మిగతా పశువుల దగ్గరికి పోకూడదు. ఇవన్నీ అందరు రైతులకూ తెలుసు. అసలు కిటుకు గడ్డి వేయడంలో ఉంది. జబ్బు ఎద్దు ముందర జొన్న సొప్ప కట్ట మొత్తం ఎవడూ వేయడు. రెండు పరకలు, మూడు పరకలు, అది ఎంత నమిలితే అంత. ఎందుకంటే దాని చొంగ పడ్డ మేత మరొక పశువుకు వేయరాదు, కాల్చేయాలి. మోపంతా వేస్తే మోపంతా కాల్చాలి. ఎండాకాలంలో సొప్ప ధర తెలిసినవాడెవడూ ఆ పని చేయడు. కాల్చబుద్ధి గాక పక్క ఎద్దుకు వేస్తే కొట్టం మొత్తానికి గాలికుంటు. కాబట్టి మోపు చెట్టుకు పది గజాల దూరంలో ఉంటుంది, పరకలు మాత్రమే చెట్టు కిందికి పోతాయి.

చదువురాని రైతు చింతచెట్టు కింద చేసే ఈ లెక్క, కోట్లు పెట్టి కట్టిన ఆసుపత్రి గదిలో ఎందుకు కనిపించదు? నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ ప్రశ్నే.

నిరుడు మా పెద్దబాపు కాలికి గడ్డపార తగిలింది. ఆయనకు షుగరు. పుండు మానలేదు. మాది బాసర పక్క పల్లె. జిల్లా కేంద్రం నిర్మల్ కన్నా గోదావరి వంతెన దాటితే వచ్చే నిజామాబాదే మాకు దగ్గర. అక్కడా ఇక్కడా చూపించి, చివరికి ఒక పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. దాని పేరు ఇక్కడ అనవసరం. పుండులోంచి తీసిన రసి పరీక్షకు పంపితే మామూలు మందులకు లొంగని క్రిమి ఉందని తేలింది. ఆయన్ని వేరు గదిలోకి మార్చారు. తొమ్మిది రోజులు నేను తోడున్నాను.

గదిలో ఒక ఇనుప అల్మారా. మొదటిరోజే దాన్ని నింపేశారు. వందేసి గ్లౌజుల డబ్బాలు నాలుగు, సైజులు వేరువేరు. పెద్దబాపుకు మూత్రం గొట్టం వేయనేలేదు గాని ఆ గొట్టాలు మూడు అందులో ఉన్నాయి. సెలైన్ సెట్లు, సూదులు, గాజు పొట్లాలు, ప్లాస్టిక్ ఏప్రాన్లు, దూది బండిళ్ళు. తొమ్మిదో రోజు డిశ్చార్జి చేశాక ఆయమ్మలు ఇద్దరు వచ్చి అల్మారా ఖాళీ చేశారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. సీలు విప్పని ప్యాకెట్లు ముప్పై ఏడు పసుపు సంచిలోకి పోయాయి. అందులో ఒక గ్లౌజుల డబ్బాకు మూత కూడా తెరవలేదు. ఇది వృథా. అదే పూట, అదే గదిలోంచి ఒక ట్రేలో సగం వాడిన ప్లాస్టరు చుట్ట, విప్పిన దూది బండిలు, బి.పి. చూసే పట్టీ తీసుకుపోయి వరండాలోని ట్రాలీ మీద పెట్టారు. ఆ ట్రాలీ పక్క వార్డులోకి వెళ్ళింది. విప్పనివి చెత్తలోకి, విప్పినవి వార్డులోకి! దానివల్ల ఎవరికైనా అంటిందా అంటే నేను చెప్పలేను, చూడలేదు గనుక చెప్పకూడదు కూడా. కాని దారి మాత్రం తెరిచే ఉంది.

బిల్లులో 'కన్స్యూమబుల్స్' అని ఒక వరుస ఉంది. వాడినదెంత, పారేసినదెంత అని విడమరచి లేదు. ఆ బిల్లు మక్కలు అమ్మిన పైసలతో కట్టాం.

నాకు కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆ కోపం సిస్టర్ల మీద చూపితే అన్యాయమవుతుంది. రాత్రి డ్యూటీ సిస్టరును అడిగాను, ఇన్ని సామాన్లు ముందే ఎందుకు పెడతారని. ఆమె అన్న మాట ఇది. "తమ్మీ, లోపలికి వచ్చినంక ఒక్క గాజు పొట్లం తక్కువైందనుకో. ఈ గౌను ఇప్పాలె, గ్లౌజులు పారెయ్యాలె, చేతులు కడగాలె, పోయి తేవాలె, మళ్ళ కొత్త గౌను తొడగాలె. రాత్రి పూట నేనొక్కదాన్నే. అవతల ఇంకా పన్నెండు మంది ఉన్నరు." దీనికి జవాబేముంది? ఒక్క పొట్లం కోసం ఒక గౌను, ఒక జత గ్లౌజులు అదనంగా చెత్తలో పడతాయి. అందుకని ఆమె ముందుజాగ్రత్తగా అల్మారా నింపుతుంది. ఆమె చోట నేనున్నా అదే చేస్తాను. తప్పు మనిషిది కాదు, ఏర్పాటుది. అందుచేత "సామాను తగ్గించండి" అని ఊరికే సర్క్యులరు పంపితే పని జరగదు. తక్కువైనప్పుడు తలుపు దగ్గరికి తెచ్చి అందించే చేయి ఒకటి ఉంటేనే లోపలి అల్మారా తగ్గుతుంది. జబ్బు ఎద్దుకు పరకలు అందించడానికి మా ఇంట్లో చెల్లె ఉండేది, అది మరచిపోకూడదు.

ఇక శాస్త్రం కొంచెం చూద్దాం. మైక్రోబయాలజీ మిత్రులు నాకన్నా బాగా చెప్పగలరు. క్రిములన్నీ ఒక్క తీరువి కావు. 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు కరోనా వైరసును రకరకాల వస్తువుల మీద పెట్టి చూస్తే ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్ట మీద 24 గంటల వరకు జాడ దొరికింది. ఆ వార్త చదివి మనమంతా కూరగాయలు సబ్బుతో కడిగాం. తరువాత 2021 ఏప్రిల్‌లో ఆ దేశపు అంటువ్యాధుల కేంద్రమే ముట్టుకున్న వస్తువుల ద్వారా కరోనా అంటడం చాలా అరుదని, పదివేలసార్లు ముట్టుకుంటే ఒక్కసారి కన్నా తక్కువని చెప్పింది. అది ప్రధానంగా గాలిలో పోయే జబ్బు. మా పెద్దబాపు పుండులో ఉన్నలాంటి మొండి బ్యాక్టీరియా సంగతి వేరు. అవి ఎండిన మంచం కమ్మి మీద, అల్మారా పిడి మీద నెలల తరబడి బతకగలవు, చేతుల వెంట నడుస్తాయి. కొన్ని పేగు జబ్బుల బ్యాక్టీరియా గింజలాగా గట్టి పెంకు కట్టుకుంటుంది. దాన్ని ఆల్కహాలు శానిటైజరు ఏమీ చేయలేదు. సబ్బుతో చేయి రుద్ది కడగాలి, గదిని క్లోరిన్ నీళ్ళతో తుడవాలి. అంటే ఏ జబ్బు గదిలోంచి ఏ వస్తువు ఎంత ప్రమాదమన్నది జబ్బును బట్టి ఉంటుంది. డిచ్‌పల్లి సంగతి ఇందుకే చెప్పాను. అన్నిటికీ కలిపి 'అంతా పారెయ్' అన్నా, 'అంతా తుడిచి వాడుకో' అన్నా రెండూ శాస్త్రం కాదు.

వస్తువును బట్టి కూడా ఉంటుంది. నున్నటి ప్లాస్టిక్, స్టీలు అయితే మందుతో తుడవచ్చు. కాగితం పొట్లంలో ఉన్న గాజును తుడిస్తే కాగితం తడుస్తుంది, తడిస్తే లోపలి శుభ్రత పోయినట్టే. దూది బండిలును తుడవడమనేదే లేదు. కాబట్టి తుడవలేనివాటిని లోపల నిల్వ పెట్టకపోవడం ఒక్కటే మార్గం. థర్మామీటరు, స్టెతస్కోపు, బి.పి. పట్టీ లాంటివి మాత్రం తిరిగి వాడేవి. అవి ఆ గదికి ఆ రోగికే ఒక జత కేటాయించి, అతడు వెళ్ళాక శుద్ధి చేసి గాని బయటికి తేకూడదు. మా ఎద్దు గోలెం, పగ్గం లాగా.

ఇప్పుడు చెత్త. మన దేశంలో దవాఖాన చెత్తకు 1998లోనే నియమాలు వచ్చాయి. 2016లో వాటిని కొత్తగా రాశారు. రక్తం, చీము అంటిన గుడ్డ, దూది, శరీర భాగాలు, కాలం తీరిన మందులు పసుపు సంచిలో వేయాలి. గొట్టాలు, సెలైన్ సీసాలు, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజీలు ఎర్ర సంచిలో వేయాలి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో పోవాలి, గాజు సామాను నీలం డబ్బాలో. పసుపుది సాధారణంగా కాల్చేది. ఎర్రది శుద్ధి చేసి, ముక్కలు చేసి, ప్లాస్టిక్‌గా మళ్ళీ వాడుకోదగ్గది. కాల్చే పొయ్యి రెండో అరలో వేడి 1050 డిగ్రీల దగ్గర ఉండాలని, పొగ అక్కడ రెండు సెకన్లయినా నిలవాలని నియమం. ఎందుకంటే క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ను తక్కువ వేడిలో కాలిస్తే డయాక్సిన్లు పుడతాయి. కెమిస్ట్రీ చదివేవాళ్ళకు వాటి గురించి నేను చెప్పక్కరలేదు. ఇంత కట్టుదిట్టం చేసిన పసుపు సంచిలోకి సీలు విప్పని గ్లౌజులు, బిస్కెట్ పొట్లం కాగితం, అరటితొక్క, నీళ్ళ సీసా అన్నీ కలిపి పోస్తే ఏమి లాభం? దవాఖానల నుంచి వచ్చే చెత్తలో 85 శాతం దాకా మన ఇంటి చెత్తలాంటి మామూలు చెత్తేనని, 15 శాతమే ప్రమాదకరమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వేరు గదిలో మాత్రం భయం కొద్దీ నూటికి నూరు శాతాన్నీ ప్రమాదం కిందికి తోసేస్తాం.

కరోనా కాలంలో ఇదే జరిగింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్చిలో కరోనా చెత్తకు సూచనలిచ్చి, జూలై లోపల నాలుగుసార్లు సవరించింది. రెండు పొరల సంచులు, మీద గుర్తు, వేరే బండి అని మొదలుపెట్టినవాళ్ళు, పోనుపోను చెప్పిన మాటలు చూడండి. రోగి స్రావాలు అంటని మందుల అట్టలు, పండ్ల తొక్కలు, నీళ్ళ సీసాలు మామూలు చెత్తగానే విడిగా తీయండి, వీలైనంత వరకు కడిగి వాడుకునే కంచాలు పెట్టండి అన్నారు. అంటే అన్నం తిన్న ప్లేట్లు కూడా కాల్చే పొయ్యికి చేరుతుంటే మోయలేకపోయారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 ఫిబ్రవరిలో ఒక నివేదిక ఇచ్చింది. 2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా ఐక్యరాజ్యసమితి ద్వారా దేశాలకు పంపిన రక్షణ దుస్తులు, మాస్కులు, గ్లౌజులే సుమారు 87,000 టన్నులని, వాటిలో చాలా భాగం చెత్తగా మారిందనే అనుకోవాలని అందులో ఉంది. దేశాలు సొంతంగా కొనుక్కున్నది ఇందులో కలవలేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పకపోతే నా వాదం ప్రమాదంలోకి దారితీస్తుంది. పొదుపు అనగానే కొందరికి వాడినదాన్ని మళ్ళీ వాడటమే గుర్తుకొస్తుంది. 2009లో గుజరాతులోని మొడాసాలో ఏమి జరిగిందో పత్రికలు చదివినవాళ్ళకు తెలుసు. వాడిన సిరంజీలే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బి ఊరంతా పాకి ఎందరో చనిపోయారు. వాడిపారేసిన సూదులు, సిరంజీలు మళ్ళీ అమ్మే వ్యాపారం ఉందని అప్పుడు బయటపడింది. మా తాత కాలంలో కంపౌండరు గాజు సిరంజి నీళ్ళలో ఉడికించి ఊరందరికీ ఒక్క సూదితోనే ఇచ్చేవాడట. ఆ కాలం బంగారు కాలమని నేను చెప్పబోవడం లేదు. ఒక్కసారే వాడాల్సినది ఒక్కసారే వాడాలి, వాడాక పనికిరాకుండా చేసి పారేయాలి. నేను అడిగేది వాడనిదాన్ని గురించి. ఒక్కసారి కూడా వాడకుండా పారేస్తున్నదాన్ని గురించి.

అంటు విషయంలో పిసినారితనం ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో కూడా తెలుసు. 2018 మే నెలలో కేరళ కోళికోడ్ జిల్లాలో నిపా వైరస్ వచ్చినప్పుడు రోగికి సేవ చేసిన నర్సు లినీ పుదుశ్శేరి ఆ జబ్బుతోనే చనిపోయింది. ఆ విడతలో జబ్బు ఎక్కువమందికి అంటింది ఆసుపత్రుల్లోనే. గౌను, మాస్కు దగ్గర లెక్కలు చూసుకోమని సిస్టర్లకు చెప్పేవాడెవడైనా ఉంటే ఆ పేరు గుర్తుచేయాలి. తగ్గించాల్సింది వాళ్ళ ఒంటి మీది రక్షణను కాదు, అల్మారాలోని కుప్పను.

మరి ఏం చేయవచ్చు? తలుపు బయట ఒక చక్రాల బండిగాని, గోడకు అల్మారాగాని పెట్టి నిల్వంతా అందులో ఉంచాలి. లోపలికి ఒక షిఫ్టుకు కావలసినంతే పోవాలి. రోగికి డాక్టరు రాసిన చీటీ చూస్తే ఎన్ని కట్లు, ఎన్ని ఇంజెక్షన్లు అన్నది ముందే తెలుస్తుంది, మూత్రం గొట్టం లేని రోగికి గొట్టాలు మూడు ఎందుకు? నూరు గ్లౌజుల డబ్బా కూడా తలుపు బయటే ఉండాలి, తొడుక్కునే లోపలికి పోతారు గనుక. మధ్యలో మార్చుకోవడానికి నాలుగు జతలు లోపల చాలు. ప్లాస్టరు చుట్ట, దూది చిన్న పొట్లాల్లో తేవాలి. ఒక రోగికి ఒకటి, మిగిలితే అతడితోనే ఇంటికి పంపాలి. పైసలు కట్టినవాడు అతడే గదా! పెద్దబాపుకు ఇంటి దగ్గర ఇంకా నెల రోజులు కట్లు కట్టాం. ఆ గాజు, ప్లాస్టరు మెడికల్ షాపులో మళ్ళీ కొన్నాం. ఆయన గదిలో మిగిలినవి ఆయనకే ఇస్తే వృథా లేదు, కొత్తవాళ్ళకు అంటూ లేదు. ఇంత తేలిక ఉపాయం ఎందుకు అమలులో లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రాత్రిపూట తలుపు దగ్గర అందించే మనిషి కావాలన్నాను. వేరు గదులన్నీ ఒక్క వరుసలో ఉంటే నలుగురు రోగులకు ఒక్క మనిషి చాలు. గదికొకటి మేడకొకటి చొప్పున చెదిరితే ఎవరూ చాలరు. ఇది కట్టేటప్పుడే చూసుకోవాల్సిన సంగతి. తలుపుకు ముందు చేతులు కడుక్కునే చిన్న గది, గోడలో రెండువైపులా తలుపులున్న అల్మారా కట్టడానికి ఇటుకలు ఎక్కువేమీ పట్టవు. మన ఉత్తర తెలంగాణకు ఇది మంచి అదను. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి, నిజామాబాద్ వైద్య కళాశాల 2013 నుంచి ఉన్నాయి. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్, కరీంనగర్‌, సిరిసిల్లలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కొత్త కళాశాల అంటే కొత్త వార్డులు, కొత్త అలవాట్లు. పాత అలవాటు మాన్పించడం కన్నా మంచి అలవాటు మొదట్లోనే పెట్టడం తేలిక. ప్రభుత్వ ఆసుపత్రులకు శుభ్రత మీద మార్కులు వేసి బహుమతులిచ్చే కాయకల్ప పథకం 2015 నుంచి ఉంది. అందులో చెత్త నిర్వహణకూ, అంటు నివారణకూ మార్కులున్నాయి. విప్పకుండా పారేసిన ప్యాకెట్లెన్ని అని ఒక్క ప్రశ్న అందులో గట్టిగా అడిగినా చాలా అల్మారాలు తేలికవుతాయి.

దవాఖాన వాళ్ళనే అని ఊరుకుంటే సగం మాటే అవుతుంది. మన పల్లెటూరి వాళ్ళం రోగితో పాటు ఇల్లు మోసుకొస్తాం. చాప, చెద్దరు, స్టీలు టిఫిను, ఫోను చార్జరు, ఫ్లాస్కు. మా వైపు అయితే బాసర అమ్మవారి కుంకుమ పొట్లం కూడా. పెద్దబాపు మంచం కింద పరిచిన చాప మీదనే చూడవచ్చిన చుట్టాలు కూర్చున్నారు. డిశ్చార్జి రోజు ఆ చెద్దరు భుజాన వేసుకుని బస్సెక్కి వచ్చాం. ఆసుపత్రి వాళ్ళు ముప్పై ఏడు ప్యాకెట్లు పారేశారు గాని మా చెద్దరు సంగతి ఎవరూ అడగలేదు! కుంకుమ పొట్లం తెచ్చినా, టిఫిను తెచ్చినా, ఇద్దరికి మించి లోపలికి పోకుండా, తెచ్చినవి కడగదగ్గవిగా ఉండేట్టు చూసుకోవాలి. గుడ్డలు విడిగా సంచిలో కట్టి తెచ్చి, వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. గచ్చు తుడవడానికి ఒక శాతం క్లోరిన్ నీళ్ళు కావాలంటే, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు లీటరు నీళ్ళకు 33 గ్రాములు పడుతుందని ఇంటర్ చదివినవాడెవడైనా లెక్క కట్టగలడు. మూత తీసి నెలల తరబడి పెట్టిన పౌడరులో ఆ 30 శాతం మిగలదు. బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో దాన్ని కలపరాదు, క్లోరిన్ వాయువు లేస్తుంది. మా ప్రాక్టికల్స్‌లో ఒకసారి కొంచెం లేస్తేనే ల్యాబ్ అంతా దగ్గింది.

ఇక మన కాలేజీ నుంచి ఏం చేయగలం? ఉపన్యాసాలు వద్దు. లెక్క ఒకటి కావాలి. వేరు గది ఖాళీ చేసినప్పుడు విప్పకుండా పారేసిన ప్యాకెట్లెన్ని, ఏ రకం, వాటి ధరెంత, రోగి ఎన్ని రోజులున్నాడు అన్న నాలుగు గడుల నోటుబుక్కు తలుపు దగ్గర ఒక నెల పెడితే ఎవరికీ ఖర్చు లేదు. ఒక నెల ఇప్పుడున్న పద్ధతిలో, మరొక నెల అల్మారా బయట పెట్టి. రెండు నెలల పుస్తకాలు పక్కపక్కన పెడితే వాదన అక్కర్లేదు. రాసేది సిస్టర్లయితే వాళ్ళకు ఇంకో పని తగిలించినట్టు అవుతుంది కనుక, ఆసుపత్రి అనుమతితో మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు వంతులవారీగా పోయి రాయవచ్చు. లోపలికి పోకూడదు, సంచిలో చేయి పెట్టకూడదు. ఆయమ్మ పారేసేముందు చెబితే బయట నుంచి రాసుకోవడమే. ఒక ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి ఇచ్చేందుకు అర్జీ రాసి మా జువాలజీ మాస్టారికి చూపించాను. ఆయన రెండు వాక్యాలు దిద్ది సంతకం చేశారు. మా క్లాసులో ఇద్దరు, మైక్రోబయాలజీలో ఒకరు వస్తామన్నారు. ధరల గడి నింపడానికి కామర్స్ మిత్రులు ఒకరు కావాలి. ఆదివారాలు కూడా రాగలిగినవాళ్ళయితే మరీ మంచిది.